భయానికి పని చెప్పండి

నార్మన్ బ్యారెట్ తన పేరుతో చెలామణీ అవుతున్న జబ్బును మొదట తప్పుగానే అర్థం చేసుకున్నాడు. 1903లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో పుట్టి, లండన్ సెయింట్ థామస్ హాస్పిటల్లో పేరున్న సర్జన్ అయ్యాడాయన. 1950లో ఒక వ్యాసం రాశాడు. కొందరిలో అన్నవాహిక అడుగున కడుపు లోపలి పొరలాంటిది కనిపిస్తోంది కదా, అసలది అన్నవాహికే కాదు, పుట్టుకతో అన్నవాహిక పొట్టిదవడం వల్ల కడుపే ఛాతీలోకి జరిగింది అని ఆయన వాదన. 1953లో లీడ్స్‌కు చెందిన ఆలిసన్, జాన్‌స్టన్ అనే ఇద్దరు డాక్టర్లు, కాదు, అది అన్నవాహికే, మారింది లోపలి పొర మాత్రమే అని చూపించారు. 1957 నాటికి బ్యారెట్ ఆ మాట ఒప్పుకుని మళ్లీ రాశాడు. తమాషా ఏమిటంటే, అక్కడ వచ్చే పుండ్లకు బ్యారెట్ పేరు పెడదామన్నది ఆయన్ను సరిదిద్దిన ఆ ఇద్దరే.

అంత పెద్ద సర్జన్‌కే ఏడేళ్లు పట్టింది. మరి ఎండోస్కోపీ రిపోర్టు చేతికొచ్చిన రాత్రి, ఇంట్లోవాళ్లు పడుకున్నాక దుప్పటి కింద ఫోన్ పెట్టుకుని వెతికి, మనకు గంటలో అర్థమైపోయిందనుకుంటాం. ‘బ్యారెట్స్ ఈసోఫేగస్’ అని కొడితే మూడో వాక్యంలోనే ‘క్యాన్సర్’ ఎదురవుతుంది. అక్కడితో చదవడం ఆగిపోతుంది, లెక్కలు మొదలవుతాయి. అమ్మాయి పెళ్లి ఎప్పుడు, ఇంటి లోను ఇంకెన్నాళ్లు, పాలసీ కాగితాలు ఏ బీరువాలో ఉన్నాయి.

భయపడొద్దని నేను చెప్పను. భయపడొద్దంటే తగ్గిన భయం ఎక్కడా లేదు. ఉన్న భయం సైజు సరిచూసుకోండి, తర్వాత దానికి పనికొచ్చే పని అప్పగించండి. ఈ వ్యాసం అంతా ఆ రెండింటి గురించే.

ముందు రిపోర్టు సంగతి. మా బావగారు కాకినాడలో ఉంటారు, బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. ఇరవై ఏళ్లుగా ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు. పెళ్లిళ్లకు వెళ్తే జేబులో రుమాలు ఉన్నా లేకపోయినా జెలూసిల్ మాత్రల షీటు ఉండాల్సిందే. చివరికి మా అక్క పోరు పడలేక కెమెరా గొట్టం వేయించుకున్నారు. నేను వెళ్లేసరికి రిపోర్టు డైనింగ్ టేబుల్ మీద ఉంది. బ్యాంకు అలవాటు ఎక్కడికి పోతుంది, ఎర్ర రీఫిల్ పెన్నుతో ప్రతి లైనుకూ టిక్కు పెట్టి చదివారు. ‘ఇంటెస్టినల్ మెటాప్లాసియా’ కింద రెండు గీతలు. ‘సూచించిన ఫాలోఅప్’ దగ్గర ప్రశ్నార్థకం. ‘డిస్‌ప్లేసియా లేదు’ అన్న లైను పక్కన మాత్రం టిక్కు లేదు. ఆ కాగితం మొత్తంలో ఆయన కళ్లు దాటేసిన లైను అదొక్కటే.

“ఏమోయ్, ఇది క్యాన్సరా కాదా? ఒక్క ముక్కలో చెప్పు.”

“కాదు బావగారూ.”

“మరి క్యాన్సర్‌కి ముందు దశ అని అన్నిచోట్లా రాస్తున్నారేం?”

“ఇంటర్ పాసైనవాళ్లంతా ఐఐటీకి వెళ్తున్నారా? దానికి ముందు ఇది ఉండాలంతే. ఇదుంటే అది వచ్చి తీరాలని కాదు.”

ఆయన నవ్వలేదుగానీ పెన్ను కింద పెట్టారు.

జరిగింది ఇదీ. కడుపులో ఆమ్లం, పిత్తం ఏళ్ల తరబడి పైకి ఎగదన్నుతుంటే అన్నవాహిక అడుగుభాగం ఆ దెబ్బ తట్టుకోవడానికి తన పొరను మార్చుకుంటుంది. చర్మంలా చదునుగా ఉండాల్సిన కణాల స్థానంలో పేగుల్లో ఉండే రకం కణాలు వస్తాయి. దాన్నే మెటాప్లాసియా అంటారు. మారిన ఆ కణాలు మరీ క్రమం తప్పితే డిస్‌ప్లేసియా. అందులో తక్కువ స్థాయి, ఎక్కువ స్థాయి అని రెండు మెట్లు. క్యాన్సర్ ఆ పైన. చాలామంది మెటాప్లాసియా దగ్గరే ఆగి, జీవితమంతా అక్కడే ఉండి, వేరే ఏదో కారణంతో వెళ్లిపోతారు. ఈ చివరి మాటను మళ్లీ కదిలిస్తాను.

కాబట్టి రిపోర్టులో చూడాల్సినవి మూడే. డిస్‌ప్లేసియా ఉందా లేదా. మారిన పొర పొడవు ఎంత. సీ, ఎం అక్షరాల పక్కన సెంటీమీటర్లలో అంకెలు ఉంటాయి, సీ అంటే చుట్టూరా మారిన మేర, ఎం అంటే ఎక్కడివరకు నాలుకలా సాగిందో ఆ మేర. బయాప్సీ కోసం ముక్కలు ఎన్ని తీశారు, ఎక్కడెక్కడ తీశారు. నాలుగు వైపుల నుంచి, ప్రతి రెండు సెంటీమీటర్లకు ముక్కలు తీయాలన్నది ప్రపంచమంతా పాటించే పద్ధతి. మీ రిపోర్టులో ఈ మూడూ లేకపోతే డాక్టర్ని అడగండి. అడిగితే ఏమనుకుంటారోనన్న మొహమాటం ఇక్కడ పనికిరాదు.

ఇక అంకెలు. వీటి దగ్గర కాస్త కూర్చుందాం, ఎందుకంటే మన భయం అంతా అంకెలు చదవడం రాకపోవడంలోనే ఉంది.

2011లో డెన్మార్క్ వాళ్లు ఒక పెద్ద అధ్యయనం అచ్చేశారు. దేశం మొత్తం మీద బ్యారెట్స్ ఉన్న 11,028 మందిని సగటున ఐదేళ్లకు పైగా గమనించారు. దాన్నుంచి వచ్చిన రెండు అంకెలు చూడండి. మొదటిది: మామూలు జనంతో పోలిస్తే వీళ్లకు అన్నవాహికలో అడినోకార్సినోమా రకం క్యాన్సర్ వచ్చే అవకాశం సుమారు 11 రెట్లు ఎక్కువ. రెండోది: మొదటి ఏడాది దాటాక ఆ క్యాన్సర్ వచ్చినవాళ్లు ఏడాదికి 0.12 శాతం. అంటే వెయ్యిమందిలో ఏడాదికి ఒకరు, కాస్త అటూ ఇటూ.

రెండూ ఒకే అధ్యయనం, రెండూ నిజం. ‘11 రెట్లు’ చదివినవాడికి నిద్ర పట్టదు. ‘వెయ్యిలో ఒకరు’ చదివినవాడు పక్కకు తిరిగి పడుకుంటాడు. మామూలు జనంలో ఆ క్యాన్సర్ చాలా అరుదు కాబట్టి, దానికి పదకొండు రెట్లు వేసినా అరుదుగానే ఉంది. ఎవరైనా మీకు ‘ఇన్ని రెట్లు’ అని చెబితే వెంటనే ఒక్క ప్రశ్న వేయండి: దేనికి ఇన్ని రెట్లు? వాట్సాప్‌లో వచ్చే ఆరోగ్య సందేశాల్లో సగం ఈ ప్రశ్నకు నిలబడవు.

ఇతర అధ్యయనాల్లో ఈ అంకె కాస్త ఎక్కువగా, 0.3 శాతం దగ్గర కనిపించింది. సరే, పెద్ద అంకే తీసుకుందాం. డిస్‌ప్లేసియా లేని వెయ్యిమందిలో ఏడాదికి ముగ్గురు. మిగతా 997 మంది సంగతి ఎవరూ వార్త రాయరు. ఇరవై ఏళ్లకు గుణించుకున్నా నూటికి ఆరుగురు దాటరు. సున్నా కాదు. నూటికి నూరు కూడా కాదు. మీ మనసు రాత్రి రెండు గంటలకు వేసే లెక్క నూటికి నూరుకు దగ్గరగా ఉంటుంది, గమనించారా?

ఆ డెన్మార్క్ అధ్యయనంలోనే ఇంకో విషయం ఉంది, దీన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. మొత్తం 197 మందికి ఆ క్యాన్సర్ కనబడితే, అందులో 131 మందికి మొదటి ఎండోస్కోపీ జరిగిన ఏడాదిలోపే కనబడింది. అంటే చాలామటుకు అప్పటికే ఉన్నదో, మొదటిసారి చూసినప్పుడు దొరకనిదో అయ్యుండాలి. దీన్నుంచి మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది. మొదటి పరీక్ష శ్రద్ధగా జరగాలి. ముక్కలు సరిగ్గా తీయాలి. అనుమానం ఉంటే తొందరగా రెండోసారి చూడాలి. అది దాటిపోయి, డిస్‌ప్లేసియా లేదని తేలితే, మీ భయంలో పెద్ద భాగం చెల్లిపోయినట్టే.

బ్రిటన్‌లో జరిగిన ‘బాస్’ అనే ప్రయోగం ఫలితాలు 2025లో వచ్చాయి. 3,400 మందికి పైగా బ్యారెట్స్ ఉన్నవాళ్లను రెండు భాగాలు చేసి, ఒక భాగానికి రెండేళ్లకోసారి ఎండోస్కోపీ చేశారు, రెండో భాగానికి లక్షణాలు కనిపిస్తే చేశారు. పదేళ్లకు పైగా చూశారు. రెండు భాగాల మధ్య మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. అంతమందిలో అన్నవాహిక అడినోకార్సినోమా వచ్చినవాళ్లు రెండు భాగాలూ కలిపి 71 మంది. ఇది చదివి “అయితే నాకిక ఎండోస్కోపీ వద్దు” అనుకోకండి. రెండో భాగంలో కూడా చాలామందికి ఏదో ఒక కారణంతో గొట్టం వేశారు, పైగా డిస్‌ప్లేసియా ఉన్నవాళ్ల సంగతి వేరు. మీరు తీసుకోవాల్సింది ఇంతే: ఈ నెల వేయించుకోవాల్సిన ఎండోస్కోపీ మనవరాలి పెళ్లి వల్ల వచ్చే నెలకు జరిగితే కొంప మునిగిపోదు.

ఎంత తరచుగా వేయించుకోవాలి? అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం 2022లో చెప్పింది: డిస్‌ప్లేసియా లేకుండా, మారిన పొర 3 సెంటీమీటర్లకంటే తక్కువైతే ఐదేళ్లకోసారి, 3 లేదా అంతకంటే ఎక్కువైతే మూడేళ్లకోసారి. ఐదేళ్లు! ప్రమాదం మీరు ఊహించుకున్నంత దగ్గర్లో ఉంటే ఏ డాక్టరైనా మిమ్మల్ని ఐదేళ్లు వదిలేస్తాడా? ఆ గడువు డాక్టర్ల నిర్లక్ష్యం కాదు. అది కూడా ఒక అంకే, ధైర్యం చెప్పే అంకె.

ఇప్పుడు ఇందాక వదిలిన మాట. బ్యారెట్స్ ఉన్నవాళ్లలో చాలామంది చనిపోయేది అన్నవాహిక క్యాన్సర్‌తో కాదు. ముందు వరసలో ఉండేది గుండెజబ్బు. ఎందుకంటే పొట్ట, పొగ, వయసు రెండింటికీ కావాల్సిన సరుకే.

బావగారి సొరుగు తెరిచాను, పెన్ను కోసం. బీపీ మాత్రల షీటు ఉంది. ఎక్కడో మధ్యలో ఆగిపోయింది. “ఇదేమిటి?” అంటే, “గొంతు సంగతి తేలాక చూద్దామని...” అన్నారు. మా అక్క వంటింట్లోంచే అందుకుంది: “గొంతు సంగతి ఎప్పుడు తేలాలి, మీరెప్పుడు మింగాలి! పొద్దున లేచి అద్దం ముందు నోరు తెరుచుకుని నిలబడతారు కదా, ఆ టైములో ఒక మాత్ర వేసుకోలేరూ?”

నాకు అసలు విషయం అక్కడ తెలిసింది. ఆయన రోజుకు నాలుగుసార్లు గుటక వేసి చూసుకుంటున్నారు, ఏమైనా అడ్డు తగులుతోందా అని. అద్దంలో కనిపించని అన్నవాహికను అద్దంలో వెతుకుతున్నారు. నిజంగా ప్రాణం తీయగల బీపీని సొరుగులో పెట్టి మూశారు. భయం ఉంది, కష్టపడుతోంది కూడా, కానీ ఎక్కడ కష్టపడాలో అక్కడ కాదు. మనలో చాలామంది ఇంతే.

మీ భయానికి అప్పగించాల్సిన పనులు ఇవి.

పొగ తాగుతుంటే మానేయడం. ఇది మొదటిది, ఇది ముఖ్యమైంది, ఇది కష్టమైంది. దీనితోపాటు గుట్కా, ఖైనీ, మందు కూడా. ఎందుకంటే మన దేశంలో అన్నవాహికకు వచ్చే క్యాన్సర్లలో ఎక్కువ భాగం బ్యారెట్స్ దారిలో వచ్చేది కాదు. స్క్వామస్ రకం, పొగాకు, మద్యం దారిలో వచ్చేది. మీ వీధిలో ఫలానాయన అన్నవాహిక క్యాన్సర్‌తో పోయాడని విని మీరు గుండె పట్టుకుంటున్నారే, ఆయనది బహుశా మీ దారి కాదు. కానీ మీ జేబులో ఖైనీ పొట్లం ఉంటే ఆ దారిలోనూ మీరొక కాలు పెట్టినట్టే.

పొట్ట తగ్గించడం. బరువు మొత్తం మీద కాకపోయినా నడుము చుట్టుకొలత మీద కన్నెయ్యండి. పొట్టలోని కొవ్వు కడుపును నొక్కుతుంది, ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. రాత్రి భోజనం పడుకోవడానికి మూడు గంటల ముందు ముగించండి. మన ఇళ్లలో సీరియళ్లు అయ్యాక పదిన్నరకు అన్నం తిని, పదకొండింటికి పక్క ఎక్కే అలవాటు ఈ జబ్బుకు చేసినంత సేవ ఇంకెవరూ చేయలేదు. మంచం తలవైపు కాళ్ల కింద ఇటుకలో, చెక్కముక్కలో పెట్టి ఎత్తు చేయండి. రెండు దిండ్లు వేసుకుంటే మెడ వంగుతుంది తప్ప ఛాతీ లేవదు. ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే ఆమ్లం ఎగదన్నడం తగ్గుతుంది.

ఆవకాయ మానేయాలా? ఈ ప్రశ్న అడగని తెలుగువాడు ఉండడు. మీకు ఆవకాయ తిన్నరోజు మంట వస్తే మానేయండి, రాకపోతే మితంగా తినండి. ఒకరికి కాఫీ పడదు, ఒకరికి వేపుళ్లు పడవు, ఒకరికి మైసూర్ బజ్జీలు. నెలరోజులు ఏది తిన్నప్పుడు మంట వచ్చిందో రాసుకుంటే మీ జాబితా మీకే తయారవుతుంది. పక్కింటివాళ్ల జాబితా మీకు అక్కర్లేదు.

మాత్ర సరిగ్గా వేసుకోవడం. పాంటోప్రజోల్, రాబిప్రజోల్, ఈసోమెప్రజోల్ లాంటివి తినడానికి అరగంట ముందు వేసుకుంటేనే బాగా పనిచేస్తాయి. ఇడ్లీలు తిన్నాక గుర్తొచ్చి వేసుకుంటే ఆ రోజు మాత్ర సగం వృథా. వీటిని ఎక్కువకాలం వాడితే కిడ్నీలు పోతాయని, ఎముకలు విరుగుతాయని ఫార్వర్డులు వస్తుంటాయి. ఊరికే గ్యాస్ అని ఏళ్ల తరబడి మింగేవాళ్లకు డాక్టర్ ఆపమనొచ్చు. బ్యారెట్స్ ఉన్నవాళ్లది వేరే లెక్క, వాళ్లు వాడాల్సిందే అని డాక్టర్లు చెప్పడానికి కారణం ఉంది. మీ అంతట మీరు ఆపకండి, మోతాదు గురించి ఏడాదికోసారి అడగండి. 2018లో వచ్చిన ‘యాస్పెక్ట్’ అనే బ్రిటన్ ప్రయోగంలో పెద్ద మోతాదు ఈసోమెప్రజోల్‌తోపాటు ఆస్పిరిన్ వాడినవాళ్లకు కొంత మేలు కనిపించింది. అంతమాత్రాన మందుల షాపులో ఆస్పిరిన్ అడిగి తెచ్చుకోకండి. కడుపులో రక్తస్రావం దాని అలవాటు. ఆ నిర్ణయం డాక్టర్ది.

ఈ పనులన్నీ చేశాక కూడా మనసు ఊరుకోదు. రాత్రి పూట లేస్తుంది. గొంతులో ఏదో ఉన్నట్టు అనిపిస్తుంది. పదేపదే గుటక వేసి చూసుకుంటే గొంతు ఇంకా బిగుసుకుంటుంది, బిగుసుకుంటే ఇంకా భయం. ఇది తెలిసిన వలయం. ఈ వలయాన్ని తెంచడానికి పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో థామస్ బొర్కొవెక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1983లో ఒక తేలికైన పద్ధతిని పరీక్షించి చూపించాడు. చింతకు రోజులో ఒక అరగంట కేటాయించడం. రోజూ అదే సమయం, అదే చోటు. మిగతా రోజులో చింత వస్తే, “సాయంత్రం ఐదింటికి వరండాలో కలుద్దాం” అని వాయిదా వేయడం. ఐదింటికి నిజంగానే కూర్చుని చింతించడం, ఆవగింజంత కూడా మిగల్చకుండా.

వినడానికి వెర్రిగా ఉంటుంది. చేసి చూడండి. చింతను ఆపమంటే మనసు ఎదురు తిరుగుతుంది, వాయిదా వేయమంటే ఒప్పుకుంటుంది. ప్రభుత్వ ఆఫీసుల్లో మనకు అలవాటైందే కదా వాయిదా! ఇంకో సంగతి, అరగంట కూర్చుంటే పది నిమిషాలకే చింతించడానికి సరుకు అయిపోతుంది. అప్పుడు ఒక నోటుబుక్కు తీసి డాక్టర్ని అడగాల్సిన ప్రశ్నలు రాయండి. రాత్రి రెండింటికి భయంగా ఉన్నది, సాయంత్రం ఐదింటికి ప్రశ్నగా మారుతుంది. ప్రశ్నకు జవాబు ఉంటుంది, దొరుకుతుంది. ఫోన్లో వెతకడం కూడా ఆ అరగంటలోనే, అదీ హాస్పిటళ్ల, వైద్య సంఘాల పేజీలే.

కానీ కొన్నింటికి వాయిదా లేదు. అన్నం ముద్ద దిగడం కష్టమై, రోజురోజుకూ ఎక్కువవుతూ, తర్వాత నీళ్లు కూడా అడ్డుపడుతుంటే. కారణం లేకుండా బరువు తగ్గుతుంటే. వాంతిలో రక్తం పడినా, మలం తారులా నల్లగా వచ్చినా. రక్తం తక్కువైందని పరీక్షలో తేలితే. వీటిలో ఏది కనబడినా తర్వాతి ఎండోస్కోపీ తారీఖు కోసం చూడకండి, ఆ వారమే డాక్టర్ దగ్గరకు వెళ్లండి. ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. ఆ కాగితంలో లేని ప్రతి చిన్న నలతకూ హడలిపోనక్కర్లేదని కూడా అదే కాగితం చెబుతుంది.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. “ఏం కాదులే” అనకండి. ఆ మాట విన్న మనిషి తన భయం ఎవరికీ అర్థం కాలేదనుకుంటాడు, ఇంకా గట్టిగా పట్టుకుంటాడు. “ఫలానా వాళ్లకు ఇదే వచ్చి...” అసలే అనకండి. ఎండోస్కోపీ రోజు పరగడుపున పక్కన కూర్చోండి, బయాప్సీ రిపోర్టు వచ్చేదాకా ఆ వారం రోజులు ఏదో ఒక పనిలో పెట్టండి. మా అక్క ఆ వారం బావగారి చేత అటక మీది ఇత్తడి సామానంతా దింపించి చింతపండు వేసి తోమించింది. అది మానసిక చికిత్స అని నేనంటే, “చికిత్సా పాడా, దసరాకి ఎలాగూ తోమాలి” అంది.

పిల్లలు దూరదేశంలో ఉంటే వాళ్ల భయం ఇంకో రకం. డాలస్‌లో ఉన్న మా మేనల్లుడు అర్ధరాత్రి ఫోన్ చేశాడు.

“మావయ్యా, నాన్నకి రేడియో ఫ్రీక్వెన్సీ అబ్లేషన్ చేయించేద్దాం. ఆ పొర కాల్చేస్తే గొడవే ఉండదు. ఎంతైనా నేను పంపిస్తా.”

“ఒరే, డిస్‌ప్లేసియా లేనప్పుడు మామూలుగా అది చేయొద్దని చెప్పింది మీ అమెరికా డాక్టర్లేరా.”

“మరి ఏం చేయమంటావు?”

“వారానికి రెండుసార్లు వీడియో కాల్ చేసి, నడిచారా లేదా అని అడుగు. బీపీ మాత్ర షీటు చూపించమను.”

డబ్బుతో తీరేదైతే వెంటనే తీర్చేయాలని దూరాన ఉన్న పిల్లలకు ఉంటుంది. ఈ జబ్బు దగ్గర డబ్బుకు పెద్దగా పనిలేదు, అలవాట్లకు ఉంది. వాళ్లకు ఆ మాట చెప్పడం కూడా మన పనే.

డిస్‌ప్లేసియా ఉందని వస్తే? అప్పుడు లెక్క మారుతుంది, కానీ దారి మూసుకుపోదు. మొదట ఆ స్లైడును జీర్ణకోశ వ్యాధుల్లో అనుభవం ఉన్న రెండో పాథాలజిస్టుకు చూపించండి. ఇది మర్యాద తక్కువ పని కాదు, నియమమే. నెదర్లాండ్స్‌లో తక్కువ స్థాయి డిస్‌ప్లేసియా అని చెప్పిన 147 మంది స్లైడులను నిపుణులు మళ్లీ చూస్తే, వందకు 85 మందిలో అది అంత లేదని తేల్చారు. మిగిలిన కొద్దిమందిలో మాత్రం ప్రమాదం నిజంగానే ఎక్కువని కూడా ఆ అధ్యయనమే చెప్పింది. అంటే రెండో అభిప్రాయం భయాన్ని తగ్గించడానికే కాదు, అవసరమైతే సరైన చోట పెంచడానికి కూడా.

నిర్ధారణ అయితే చికిత్స ఉంది. 2014లో అచ్చయిన ఒక యూరప్ ప్రయోగంలో తక్కువ స్థాయి డిస్‌ప్లేసియా నిర్ధారణ అయిన 136 మందిని తీసుకున్నారు. మూడేళ్లలో, కాల్చకుండా గమనిస్తూ వచ్చినవాళ్లలో 26.5 శాతం మంది పై మెట్టుకో క్యాన్సర్‌కో వెళ్లారు, అబ్లేషన్ చేయించుకున్నవాళ్లలో 1.5 శాతం. ఎక్కువ స్థాయి డిస్‌ప్లేసియాలో ఏడాదికి వందలో ఆరేడుగురికి క్యాన్సర్ వచ్చే అవకాశం ఉంది కాబట్టి అక్కడ ఊరికే చూస్తూ కూర్చోరు, గొట్టం ద్వారానే ఆ భాగాన్ని కోసి తీయడమో, కాల్చడమో చేస్తారు. ఒకప్పుడు ఇదే స్థితికి అన్నవాహికనే కోసి తీసేసేవారు. హైదరాబాద్‌లోని ఏఐజీ లాంటి పెద్ద జీర్ణకోశ ఆసుపత్రుల్లో ఈ చికిత్సలు ఉన్నాయి. అంటే క్రమం తప్పకుండా గమనించుకోవడం ఎందుకంటే, క్యాన్సర్ కోసం ఎదురు చూడ్డానికి కాదు, దానికి ముందే పట్టుకుని గొట్టంతోనే తేల్చేయడానికి.

చివరగా బావగారు అడిగిన ప్రశ్నే మీరూ అడుగుతారు: ఇది మా పిల్లలకు వస్తుందా? కుటుంబంలో ఒకరికి ఉంటే పిల్లలకు అవకాశం కొంత ఎక్కువే. అలాగని డాలస్ కుర్రాడు రేపే వెళ్లి గొట్టం వేయించుకోనక్కర్లేదు. ఏళ్ల తరబడి మంట, పుల్లటి తేన్పులు ఉండి, వాటికి తోడు యాభై దాటడం, మగవాడవడం, పొట్ట, పొగ, ఇంట్లో ఒకరికి బ్యారెట్స్ ఉండటం లాంటివి కొన్ని కలిస్తే అప్పుడు డాక్టర్ని అడగాలి. మా మేనల్లుడికి ముప్పై నాలుగు. మంట లేదు. పొట్ట ఉంది. దాని సంగతి వాళ్ల నాన్న వీడియో కాల్‌లో అడుగుతున్నారు.